రాగి పూత

"ముందు అది బల్ల మీంచి తియ్యండి. తినేచోట ఏంటండీ అది?" అంది సూర్యావతి.

బుల్లబ్బాయి తియ్యలేదు. ఇడ్లీ ప్లేటు పక్కన జానెడు కేబులు ముక్క ఉంది. ఒక వైపు తొడుగు కాలి, ముడుచుకుపోయి నల్లగా ఉంది. నిన్న సాయంత్రం పంపుహౌసుకి వెళ్లి, కాలిపోయిన ప్యానెల్ బోర్డు కింద బూడిదలోంచి ఏరుకొచ్చాడు దాన్ని. రాత్రంతా చొక్కా జేబులోనే ఉంచుకున్నాడు.

"సతీషుని పిలు."

"స్నానం చేస్తున్నాడండి."

"ఎంతసేపు చేస్తాడు? మూడ్రోజుల్నించీ స్నానమే చేస్తున్నాడు వాడు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ సౌజన్య మామగారి మొహంలోకి చూడలేకపోయింది. మూడు రోజుల క్రితం సాయంత్రం ఆ ప్యానెల్ బోర్డు మండిపోయింది. పంపు ఆపరేటరు చేతులు రెండూ కాలిపోయాయి. సముద్రం వైపు పదకొండు ఊళ్లకి ఆ రోజు నుంచి మంచినీళ్లు లేవు. స్టార్టర్లూ కేబుళ్లూ బోర్డులూ అన్నీ టెండరులో గెలిచి సరఫరా చేసింది 'సౌజన్య ఎలక్ట్రికల్స్'. పేరు ఆమెది. నడిపేది ఆమె భర్త సతీష్.

నాగసతీష్ తల తుడుచుకుంటూ వచ్చాడు. బల్ల మీద ఉన్నదాన్ని చూశాడు. తువ్వాలు భుజం మీద వేసుకుని, కుర్చీ లాక్కోకుండా నిలబడిపోయాడు.

బుల్లబ్బాయి బ్లేడుతో కాలని వైపు తొడుగు కోశాడు. లోపల తీగలు ఎర్రగా మెరిశాయి. ఒక తీగని వేలి మీద ఆనించి రెండుసార్లు గీకాడు. ఎరుపు పొట్టులా రాలిపోయింది. లోపల తెల్లగా ఉంది.

"ఇదేంట్రా?"

సతీష్ తువ్వాలుతో మళ్లీ తల తుడుచుకున్నాడు.

"అడుగుతున్నాను. రాగి లోపల తెల్లగా ఉంటాదా?"

"అల్యూమినియమండి."

"పైన?"

"పూత."

కొత్తపేట సెంటర్లో రేకుల షెడ్డు కింద మోటార్లకి ముప్ఫయ్యారేళ్లు రాగి తీగ చుట్టిన మనిషి బుల్లబ్బాయి. కళ్లు మూసుకుని తీగ పట్టుకుంటే అది ఎంత లావుదో చెప్పేవాడు. ఇప్పుడు ఆ వేళ్లు బ్లేడుని సరిగ్గా పట్టుకోలేకపోతున్నాయి.

"నాకూ తెలీదు నాన్నగారూ. డీలరు రాగి అనే ఇచ్చేడు. సర్టిఫికెట్టు ఇచ్చేడు, ముద్ర ఉంది."

"ముద్ర సంగతి అడగలేదు. కేబులు చుట్ట చేత్తో ఎత్తితే తెలీదా? రాగిదైతే ఇద్దరు మోయాలి. నువ్వొక్కడివే భుజాన వేసుకెళ్లి ఆటోలో పడేసేవు. నేను వీధరుగు మీంచి చూసేను. చూసి, మావాడు గట్టివాడని మురిసిపోయేను."

సూర్యావతి ఇడ్లీ ప్లేటు అవతలికి జరిపింది.

"మీకు తెలీదండి ఈ టెండర్ల సంగతి," అన్నాడు సతీష్. గొంతు పెరిగింది. "కొట్లో కూర్చుని మోటారు బాగుచేసినట్టు కాదు. కంప్యూటర్లో అందరి రేట్లూ పడతాయి. అందరికంటే తక్కువ ఎవరేస్తే వాళ్లదే. పెద్ద పెద్ద ఊళ్ల నించి వేస్తారు. అసలు రాగి రేటు వేస్తే మనం అట్టడుగున ఉంటాం. అందరూ ఇదే ఇస్తున్నారు. నేనొక్కణ్ణే..."

అక్కడ ఆగిపోయాడు. తెలీదన్న నోటితోనే ఇప్పుడేమన్నాడో అప్పటిగ్గానీ అతనికి అర్థం కాలేదు.

పెరట్లో కొబ్బరి దింపువాడు కాయలు పడేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"కాయితాల మీద సంతకం నాదండి," అంది సౌజన్య.

మూడు రోజుల్లో ఆమె ఆ ఇంట్లో గట్టిగా అన్న మొదటి మాట అది.

"నీదేంటి? ఫర్మ్‌ది," అన్నాడు సతీష్.

"ఫర్మ్ అంటే నేనే కదండీ."

ఆడవాళ్ల పేరు మీద చిన్న సంస్థ ఉంటే టెండర్లలో కొన్ని వెసులుబాట్లు ఉంటాయని రెండేళ్ల క్రితం అతనే చెప్పాడు. పేరు పెట్టాడు, బోర్డు రాయించాడు. సరుకు మొత్తం రాగిదేనని హామీపత్రం మీద సంతకం పెట్టమని వంటింట్లోకి తెచ్చాడు ఒక రోజు. ఆమె తడిచేయి చీరకి తుడుచుకుని పెట్టింది. ఏం రాసుందని అడగలేదు. అడిగితే నమ్మకం లేదనుకుంటాడేమోనని భయపడింది.

వీధిలో మోటారు సైకిలు ఆగింది.

"ఆయ్, బుల్లబ్బాయి గారూ, నమస్కారమండీ," అంటూ బుచ్చిరాజు లోపలికొచ్చాడు. చిన్న చిన్న కొట్లవాళ్లకి టెండరు కాయితాలు పూర్తిచేసి, ఆఫీసుల్లో ఫైళ్లు కదిపించే మనిషి అతను. "టిఫిన్లవుతున్నట్టున్నాయి. కానివ్వండి, కానివ్వండి."

కూర్చోమని ఎవరూ అనలేదు. తనే కూర్చున్నాడు. సంచీలోంచి టైపు చేసిన కాయితం తీసి సౌజన్య ముందు పెట్టాడు.

"సాయంత్రం నాలుగింటికి పంపుహౌసు దగ్గర ఎంక్వైరీ అమ్మా. కొత్త ఆఫీసరు గారు వస్తున్నారు. పద్మావతి గారని. ఆవిడ గురించి నాకింకా ఏం తెలీదు. ఆవిడొచ్చేసరికి ఇది ఫైల్లో ఉండాలి. కింద ఒక్క సంతకం."

సౌజన్య నిలబడే చదివింది. సంస్థ సరఫరా చేసిన కేబులు నిబంధనల ప్రకారమే ఉందట. పంపు ఆపరేటరు క్రాంతికుమార్ మెయిన్ ఆపకుండా, సొంత నిర్ణయంతో జాయింటు విప్పడం వల్లే ప్రమాదం జరిగిందట.

"ఇది నిజమాండీ?"

"నిజమని ఎవరన్నారమ్మా? లెటరు."

"ఆయన జాయింటు విప్పేడా?"

"అక్కడ ఎవరున్నారు చూడ్డానికి? ఆయనొక్కడే ఉన్నాడు. పైగా అవుట్‌సోర్సింగు మనిషి. ఈ పని పోతే ఇంకో చోట చేసుకుంటాడు."

"చేతులు కాలిపోయిన మనిషి ఏం పని చేసుకుంటాడండి?"

బుచ్చిరాజు సతీష్ వైపు చూశాడు. సతీష్ గోడ వైపు చూశాడు. బుల్లబ్బాయి కుర్చీలోంచి లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

సూర్యావతి దగ్గరికొచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. "పెట్టేయమ్మా. నిన్ను ఇన్నాళ్లలో ఏదీ అడగలేదు నేను. వాడు జైలుకెళ్తే నేను బతకను."

"వెళ్లేది ఆయన కాదత్తయ్య గారూ. నేను."

సూర్యావతి చెయ్యి వదిలేసింది. ఆ సంగతి ఆవిడ ఆలోచించలేదు. ఆలోచించలేదని ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది.

"అందుకే కదమ్మా ఈ లెటరు," అన్నాడు బుచ్చిరాజు.

సౌజన్య కాయితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "సాయంత్రం వరకూ టైముంది కదండీ. ఈలోపు ఆయన్ని చూసొస్తాను."

"ఎవర్ని?" అన్నాడు సతీష్.

"క్రాంతికుమార్ గారిని."

"వద్దు."

"ఎందుకండీ?"

"వద్దంటే వద్దు. అక్కడ వాళ్లవాళ్లందరూ ఉంటారు. నలుగురిలో ఏదో ఒకటంటారు."

"అననివ్వండి," అంది చెప్పులేసుకుంటూ.

గుమ్మం దాటేదాకా అతను ఆపుతాడనుకుంది. కోపంగానో, బతిమాలుతూనో. అతను ఆ చోటు నుంచి కదల్లేదు.

ముక్కామల మీదుగా అమలాపురం వెళ్లే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కాలవలకి నీళ్లు కట్టేసి నెల దాటింది. అడుగున బురద ఎండి, గుర్రపుడెక్క గోధుమరంగుకి తిరిగి చచ్చిపడుంది. అమలాపురం దగ్గరపడుతుంటే రోడ్డు మీద ఎదురైన నీళ్ల ట్యాంకరు వెనక ఆటోలో ఖాళీ డ్రమ్ములూ, వాటి మధ్య ఇరుక్కుని కూర్చున్న ఆడవాళ్లూ కనిపించారు. వాళ్లు ఏ ఊరివాళ్లో ఆమెకి తెలియదు. బస్సు దాటిపోయేదాకా తల దించుకుంది.

ఆసుపత్రిలో కాలినవాళ్ల వార్డు మేడ మీద, చివర్న ఉంది. క్రాంతికుమార్‌కి ముప్ఫై ఏళ్లు దాటి ఉండవు. కనుబొమలు కాలిపోయి మొహం వింతగా ఉంది. మోచేతుల దాకా కట్లు కట్టిన చేతులు రెండు దిండ్ల మీద ఆనించి ఉన్నాయి. తల్లి జ్ఞానమ్మ చెంచాతో బార్లీ నీళ్లు పట్టిస్తోంది. రిటైరైన టీచరావిడ. కళ్లజోడు తీసి, వచ్చినామెని చూసింది.

"ఎవరమ్మా?"

"నేనండి... సౌజన్య ఎలక్ట్రికల్స్..."

మంచం పక్కన నేల మీద కూర్చున్న భార్య రేచల్ లేచి నిలబడింది.

"మీరేనా సౌజన్య అంటే?"

"ఆయ్. నేనేనండి."

"పంపుహౌసులో డబ్బాల మీద పేరు చూసేను. ఎవరో మగాయన పెట్టుకున్న పేరనుకున్నాను. మనిషి ఉంటారనుకోలేదు."

సౌజన్య బ్యాగుని ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"రేచల్, ఆవిడకి కుర్చీ వెయ్యి," అన్నాడు క్రాంతికుమార్. గొంతు బొంగురుగా ఉంది. "ఊళ్లకి నీళ్లొస్తున్నాయాండీ?"

"లేదండి. ట్యాంకర్లు తిరుగుతున్నాయి."

"చివరి మూడు ఊళ్లకీ ట్యాంకరెళ్లదండి. వంతెన ఇరుకు. రొయ్యల చెరువులు తవ్వేక అక్కడ బోర్లన్నీ ఉప్పెక్కిపోయేయి. వాళ్లేం తాగుతున్నారో."

"నువ్వు తాగు ముందు," అంది జ్ఞానమ్మ, చెంచా నోటికందిస్తూ.

కుర్చీ అంచు మీద కూర్చుంది సౌజన్య. వచ్చేముందు అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఒక్కటే అడగగలిగింది.

"ఆ రోజు ఏం జరిగిందండీ?"

"ఆరింటికి మోటారు వేసేనండి. పది నిమిషాలకి వాసనొచ్చింది. అంత వేడెక్కితే దానంతటదే ట్రిప్పవ్వాలి కదండీ, అవ్వలేదు. మెయిన్ దింపుదామని హ్యాండిలు మీద చెయ్యి వేసేను. అంతే. వెలుగు మటుకు గుర్తుంది."

"జాయింటు గానీ విప్పేరా?"

"కరెంటున్న జాయింటు ఎందుకు విప్పుతానండీ? నాకు పిల్లలున్నారు."

"పొద్దున్నే ఒకాయన కాయితం పట్టుకొచ్చేడమ్మా," అంది జ్ఞానమ్మ. "జాయింటు నేనే విప్పేనని వీడి చేత సంతకం పెట్టించాలని. ఈ చేతులు చూసేక, పోనీ వేలిముద్రన్నా వెయ్యమన్నాడు. ఏ వేలండీ అన్నాను. తలొంచుకుని వెళ్లిపోయేడు."

బ్యాగులో ఉన్న కాయితం గుర్తొచ్చి, సౌజన్య బ్యాగుని ఒళ్లోకి లాక్కుని రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

"నిన్న సాయంత్రం మీ మావగారొచ్చేరు," అంది జ్ఞానమ్మే. "ఆ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. లోపలికి రండి అంటే రాలేదు. పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయేరు."

"ఆయనకేం తెలీదండి," అంది సౌజన్య. "మాకెవరికీ తెలీదు. కేబులు మంచిది కాదని మాకివాళే..."

క్రాంతికుమార్ ఇబ్బందిగా కదిలాడు. భార్య వైపు చూశాడు.

"చెప్పు. ఎందుకు దాచడం?" అంది రేచల్.

"సతీష్ గారికి తెలుసండి," అన్నాడు నెమ్మదిగా. "ఉగాది వెళ్లిన వారంలోనే మీ షాపుకొచ్చి చెప్పేను, కేబులు వేడెక్కుతోందని. మర్నాడే తొడుగు మెత్తబడిపోతే ఫోటో తీసి ఆయన ఫోనుకి పెట్టేను. ఈ వేసవి గడవనివ్వు, కాలవలకి నీళ్లొదిలేక మొత్తం మార్చేద్దాం అన్నారు."

"ఆఫీసులో చెప్పలేదాండీ?"

"చెప్పొద్దన్నారండి. చెబితే బ్లాక్‌లిస్టులో పెడతారు, మా ఇల్లు కూలిపోతుందన్నారు. టీ ఇప్పించేరు. మంచాయన, మారుస్తారనుకున్నాను."

సౌజన్య మనసులో రోజులు లెక్కపెట్టుకుంది. ఉగాది వెళ్లిన వారం. ఆ వారమే సతీష్ తనకి పట్టుచీర కొన్నాడు. నీ పేరు కలిసొచ్చిందన్నాడు. ఇద్దరూ రావులపాలెం వెళ్లి హోటల్లో భోంచేసి వచ్చారు. అప్పటికే అతని ఫోనులో ఆ ఫోటో ఉంది.

"ఇప్పుడేం చేస్తారండీ?" అంది రేచల్.

"తెలీదండి."

"తెలీదంటే ఎలాగండి? స్కూలు తెరిస్తే నేను డ్యూటీకెళ్లాలి. ఈయనకి అన్నం ఎవరు కలిపి పెడతారు? గుండీలెవరు పెడతారు? మీరు తెలీదంటే మేం ఎవర్నడగాలి?"

"రేచల్," అంది జ్ఞానమ్మ. కోడల్ని మందలించినట్టు లేదు, కూర్చోమన్నట్టుంది.

సౌజన్య లేచింది. క్షమించమని అడగాలనుకుంది. ఆ మాట అడిగితే వాళ్ల మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందనిపించి, చేతులు జోడించి బయటికొచ్చేసింది.

ఉప్పలగుప్తం వైపు వెళ్లే ఆటో పట్టుకుని, పంపుహౌసు దగ్గర దిగేసరికి మూడున్నర. మంచినీళ్ల చెరువు గట్టు మీద ఒంటిగది కట్టడం అది. గోడ పైభాగమంతా మసి. చెరువులో నీళ్లు అడుగుకి వెళ్లినా ఇంకా మెరుస్తున్నాయి. తోడే మోటారు లేదు.

సతీష్ ఎదురొచ్చాడు. "సంతకం పెట్టేవా?"

"మీకు ఫోటో పెట్టేడటండి."

అతని మొహంలో రంగు పోయింది. "ఎవరు చెప్పేరు?"

ఏ ఫోటో అని అడగలేదు. దారంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే ఎదురుచూసింది సౌజన్య. ఏ ఫోటో, నాకేం తెలీదు అని ఉంటే, అబద్ధమైనా సరే, ఇంకో పూట నమ్మేదేమో.

"చూడు సౌజీ. ఇవాళ్టికి గట్టెక్కనీ. తర్వాత నువ్వేం చెబితే అది చేస్తాను. ఆయన వైద్యం మనమే చూద్దాం. అన్నీ చూద్దాం."

"ఆఫీసరు గారితో మీరే చెప్పండి. నేను పక్కన నిలబడతాను. సంతకం నాది, తప్పు మీది, రెండూ ఒప్పుకుందాం. శిక్షేదో కలిసే పడదాం. మిమ్మల్ని వదిలి ఎక్కడికీ వెళ్లను."

అతను చెరువు వైపు చూశాడు. సరేననబోతున్నాడనుకుంది. అప్పుడే జీపు వచ్చింది.

పద్మావతి గారికి యాభై ఏళ్లుంటాయి. నూలు చీర, నల్ల గొడుగు. కాలిన గదిలో పావుగంట తిరిగి, బయటికొచ్చి, వేపచెట్టు కింద వేసిన కుర్చీలో కూర్చుని అట్ట మీద కాయితాలు పెట్టుకుంది. బుచ్చిరాజు దగ్గరగా జరిగాడు. కాస్త అవతల గట్టు మీద బుల్లబ్బాయి ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"సంస్థ యజమాని ఎవరండీ?"

"నేనండి," అంది సౌజన్య.

"ఇచ్చింది రాగి కేబులేనా?"

"కాదండి. పైన పూత మాత్రమేనండి, లోపల అల్యూమినియం."

బుచ్చిరాజు గట్టిగా దగ్గాడు. ఆఫీసరు తలెత్తి సౌజన్యని పరీక్షగా చూసింది.

"తెలిసే ఇచ్చేరా?"

"నాకివాళ పొద్దున్న తెలిసిందండి. కానీ హామీపత్రం మీద సంతకం నాదే. లేదనను."

ఆఫీసరు రాసుకుంది. "కేబులు వేడెక్కుతోందని ఆపరేటరు ఇంతకుముందు మీ సంస్థలో ఎవరికైనా చెప్పేడా?"

సౌజన్య నోరు విప్పేలోపు వెనకనుంచి గొంతు వినిపించింది.

"నాకు చెప్పేడండి."

బుల్లబ్బాయి గట్టు దిగి వస్తున్నాడు. "కొట్లో కూర్చునేది నేనేనండి. నాకే చెప్పేడు. మావాడికి చెబుదామనుకుని మర్చిపోయేను. వయసయిపోయింది కదండీ."

గొంతు తొణకలేదు. పొద్దున్న బ్లేడు పట్టుకోలేకపోయిన చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. నాసిరకం తీగ చుట్టి మంచిదని ఒక్క రైతుకీ చెప్పని మనిషి, కొడుకు కోసం ఆఫీసరు మొహంలోకి చూస్తూ అబద్ధమాడుతున్నాడు.

సౌజన్య ఆఫీసరు చేతిలో పెన్ను వైపు చూసింది. ఊరుకుంటే చాలు. పెద్దాయన మాట కాయితం మీదికెక్కుతుంది. మిగతావన్నీ దాని వెనక దాక్కుంటాయి.

"కాదండి," అంది. "మావయ్య గారికేం తెలీదు. ఆయనకి చెప్పలేదు."

"అమ్మా, నువ్వూరుకో," అన్నాడు బుల్లబ్బాయి. మొదటిసారి ఆయన గొంతు వణికింది.

"మరెవరికి చెప్పేడు?" అంది ఆఫీసరు.

సౌజన్య భర్త వైపు తిరిగింది. పేరు చెప్పలేదు. ఆ మాట అతని నోటినుంచే రావాలని ఆగింది. తను చెబితే అది ఫిర్యాదవుతుంది. అతను చెబితే ఇద్దరూ ఆ కుర్చీ ముందు పక్కపక్కన నిలబడొచ్చు. చెరువు మీంచి వేడిగాలి కొట్టింది. ఆఫీసరు కాయితాల మీద అరచెయ్యి ఆనించి, ఎదురుచూసింది.

"ఆవిడకే చెప్పుంటాడండి," అన్నాడు నాగసతీష్, నేల చూపులు చూస్తూ. "సంస్థ ఆవిడది. నేను సరుకు దింపించేవాణ్ణి. అంతవరకేనండి నాకు తెలిసింది."

బుచ్చిరాజు కూడా ఆ మాటకి వెనక్కి జరిగాడు.

బుల్లబ్బాయి కొడుకు వైపు చూశాడు. నెమ్మదిగా నడిచి కోడలి పక్కకి వచ్చి నిలబడ్డాడు. సతీష్ తలెత్తలేదు.

"నిజమేనా అమ్మా?" అంది పద్మావతి గారు. "మీకే చెప్పేడా?"

సౌజన్య ఒక్క అడుగు ముందుకు వేసింది.

"నేను అమలాపురం ఆసుపత్రి నించి వస్తున్నానండి," అని మొదలుపెట్టింది.